బండి పేరు, మెకానిక్ మాట

ఒకసారి కొన్న కంపెనీ వస్తువునే మళ్లీ మళ్లీ కొనే అలవాటును, ఆ కంపెనీ పేరు మీద మనసులో నిలిచిన నమ్మకాన్ని కలిపి వ్యాపార శాస్త్రంలో బ్రాండ్ విధేయత అంటారు. మళ్లీ కొన్నంత మాత్రాన విధేయత ఉన్నట్టు కాదని, కొనుగోలు వెనుక ఇష్టం ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలని జార్జ్ డే అనే పరిశోధకుడు 1969లోనే ప్రతిపాదించగా, అనేక బ్రాండ్లలో ఒకదానిని ఎంచుకునే అవకాశం ఉండి, కొంతకాలం పాటు ఆలోచించి నిలబెట్టుకున్న మొగ్గునే విధేయత అనాలని జాకబ్ జాకోబీ, డేవిడ్ కైనర్ 1973లో నిర్వచించారు. సబ్బు, టీ పొడి వంటివి నెలనెలా కొంటారు గనుక వాటి విషయంలో ఈ నిర్వచనాన్ని అంకెల్లో పెట్టి చూడడం తేలిక. అప్పో సప్పో చేసి పదేళ్లకో పదిహేనేళ్లకో ఒకసారి కొనే మోటారు సైకిల్ విషయంలో అది అంత తేలిక కాదు. అంత అరుదుగా వచ్చే కొనుగోలు వేళ ఒక రైతు తన తండ్రి నడిపిన బండి పేరునే మళ్లీ ఎందుకు పలుకుతాడన్నది, కరీంనగర్ జిల్లా చొప్పదండి ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని ఈ ప్రసంగం పరిశీలించే ప్రశ్న.

కరీంనగర్ నుంచి చొప్పదండి, ధర్మారం మీదుగా గోదావరి ఒడ్డునున్న రాయపట్నం వైపు సాగే దారిలో, జిల్లా కేంద్రానికి దగ్గరలోనే ఉన్న చొప్పదండి 2018లో మున్సిపాలిటీ అయినప్పటికీ, దాని బతుకు ఇప్పటికీ చుట్టూ ఉన్న వరి పండించే పల్లెలతోనే ముడిపడి ఉన్నది. ఆర్నకొండ, గుమ్లాపూర్, రుక్మాపూర్, కాట్నపల్లి వంటి ఊళ్లలో పాలక్యాన్లు, యూరియా బస్తాలు, పురుగుమందు కొట్టే పంపులు, రివైండింగ్‌కు తెచ్చే కాలిపోయిన బోరు మోటార్లు మోటారు సైకిల్ మీదనే కదులుతాయి. బడికి పోయే పిల్లలు, దవాఖానకు పోయే వృద్ధులు ఆ బండి మీదనే వెళతారు. బస్సు ఉన్నా అది పొలం గట్టు దాకా రాదు, కొనుగోలు కేంద్రంలో వడ్ల తూకం తెమిలే వేళకు అందదు. కాబట్టి ఇక్కడ బండి ఆగిపోవడమంటే ఒక రోజు పని ఆగిపోవడమే, కొన్నిసార్లు ఒక పంట అదను తప్పిపోవడమే. బ్రాండ్ విధేయతను గురించి మాట్లాడేటప్పుడు ఈ ఒక్క సంగతిని మరిచిపోతే మిగిలిన వివరణ అంతా గాలిలో నిలుస్తుంది.

బండి ఎంతకాలం నిలుస్తుందో ఈ ప్రాంతంలో నంబరు ప్లేటే చెబుతుంది. ఏపీ 15 అని మొదలయ్యే ప్లేటు 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడక ముందు కరీంనగర్‌లో రిజిస్టరైన బండిది. ఆ తరువాతివి టీఎస్ 02 కాగా, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ 02 వస్తున్నది. 2016లో జిల్లాల విభజన జరిగి చొప్పదండి నియోజకవర్గంలోని మల్యాల, కొడిమ్యాల జగిత్యాల జిల్లాకు, బోయినపల్లి సిరిసిల్ల జిల్లాకు వెళ్లినందున అక్కడి కొత్త బండ్ల అంకెలు కూడా మారాయి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేళ్లకోసారి దానిని పునరుద్ధరించుకోవాలి. పునరుద్ధరణ చేయించుకొని ఇంకా వడ్లు మోస్తున్న ఏపీ 15 బండి, అదే కంపెనీ పేరుతో పక్కనే నిలబడిన టీజీ 02 బండి, ఈ రెండూ ఒకే ఇంటి వాకిట్లో కనిపిస్తే, ఆ ఇంట్లో కొత్త బండికి పాత బండే సాక్ష్యం చెప్పిందని అర్థం. ప్రకటనల కన్నా ఈ సాక్ష్యం బలమైనది, ఎందుకంటే అది కళ్ల ముందు పదిహేనేళ్లు జరిగినది.

అయితే ఎంపిక చేసుకునే వీలే లేని కాలం ఒకటి ఉండేది. 1960, 1970 దశకాలలో దేశంలో మోటారు సైకిళ్ల తయారీకి ప్రభుత్వ లైసెన్సు కావలసి ఉండగా, ఎంత సంఖ్యలో తయారు చేయాలన్నది కూడా ఆ లైసెన్సే నిర్ణయించేది. పోలండ్ నమూనా ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ చేసిన రాజ్‌దూత్, మైసూరులో ఐడియల్ జావా కంపెనీ చేసిన జావా, 1970లలో ఆ కంపెనీయే తెచ్చిన ఎజ్డీ, మద్రాసు నుంచి వచ్చిన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, ఇవే ఆనాటి ప్రధానమైన మోటారు సైకిళ్లు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ స్కూటర్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడవలసి వచ్చేది. హైదరాబాద్‌లో ఆల్విన్ సంస్థ పుష్పక్ అనే స్కూటర్‌ను తయారు చేసినా అది బజాజ్ స్థానాన్ని కదిలించలేకపోయింది. జాకోబీ, కైనర్ నిర్వచనం ప్రకారం చూస్తే ఆనాటి వారికి ఉన్నది విధేయత కాదు, ఎందుకంటే విడిచిపెట్టి పోవడానికి మరో చోటు లేదు. కానీ బండి పేరునే మనిషి గుర్తుగా చెప్పుకునే అలవాటు ఆనాడే పుట్టింది. బండ్లు అరుదైన పల్లెలో ఫలానా సారు బండి, ఫలానా డాక్టరు బండి అని చప్పుడును బట్టి దూరం నుంచే పోల్చుకునేవారు. ఈ గుర్తింపు తరువాతి తరాలలో వేరే రూపాలలో తిరిగి వచ్చింది.

అసలు మలుపు 1980లలో వచ్చింది. విదేశీ కంపెనీలతో భాగస్వామ్యానికి ప్రభుత్వం అనుమతించిన తరువాత ఇండ్ సుజుకి, కవాసాకి బజాజ్, ఎస్కార్ట్స్ ద్వారా యమహా, హీరో హోండా కొద్ది కాలంలోనే ఒకదాని వెంట ఒకటి 100 సీసీ బండ్లను తెచ్చాయి. ఇంజను సిలిండర్‌లో పిస్టన్ కదిలే జాగా పరిమాణాన్ని సీసీ, అంటే ఘన సెంటీమీటర్లు అంటారు. వీటిలో మొదటి మూడూ రెండు స్ట్రోకుల ఇంజన్లు కాగా, 1984లో ఏర్పడిన హీరో హోండా 1985లో తెచ్చిన సీడీ 100 ఒక్కటే నాలుగు స్ట్రోకుల ఇంజను కలది. రెండు స్ట్రోకుల ఇంజనులో నూనెను పెట్రోలుతో పాటే కాల్చవలసి ఉంటుంది, ఊపు ఎక్కువగా ఉంటుంది, పొగ కూడా ఎక్కువే; నాలుగు స్ట్రోకుల ఇంజనులో నూనె వేరుగా ఉండి, పెట్రోలు తక్కువ తాగుతుంది. 1958లో హోండా తయారు చేసిన సూపర్ కబ్ అనే చిన్న బండి ఇంజను వంశానికే చెందిన ఈ సీడీ 100 ఇంజను, 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోకి, ఆ తరువాత ప్యాషన్‌లోకి కొనసాగింది. 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసిన తరువాత ఇక్కడ పెట్రోలు ధర పెరిగినప్పుడు, గల్ఫ్ దేశాలకు మనుషులను పంపిన కరీంనగర్ పల్లెలు ఆ యుద్ధం దెబ్బను రెండు వైపుల నుంచీ చవిచూశాయి. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్న ప్రశ్న, అంటే మైలేజి, అప్పటి నుంచి ఈ ప్రాంతంలో బండిని తూచే మొదటి తూకం రాయి అయింది.

మైలేజి ఒక్కటే కారణమైతే, అంతే మైలేజి ఇచ్చే మరో కంపెనీ బండి రాగానే జనం అటు మళ్లి ఉండేవారు. అలా ఎందుకు జరగలేదో తెలుసుకోవడానికి షోరూం నుంచి మెకానిక్ షెడ్డు దాకా రావాలి. కొత్త బండి ఉచిత సర్వీసింగులు అయిపోయిన తరువాత కరీంనగర్‌లోని కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్లడం తగ్గి, బండి మండల కేంద్రంలోనో ఊరిలోనో ఉన్న మెకానిక్ చేతికి వస్తుంది. ఆ మెకానిక్ చాలా సందర్భాలలో చదువు మధ్యలో ఆపి, మరో మెకానిక్ దగ్గర కొన్నేళ్లు పాన అందిస్తూ పని నేర్చుకున్నవాడు. పాఠ్యపుస్తకం చూసి కాదు, ఒకే రకం ఇంజనును వందలసార్లు విప్పి బిగించి నేర్చుకున్న విద్య గనుక, ఏ బండి ఆ ప్రాంతంలో ఎక్కువగా ఉంటే ఆ బండి మీదనే అతని చేయి బాగా తిరుగుతుంది. చప్పుడు విని టైమింగ్ చైన్ వదులైందని, పొగ రంగు చూసి పిస్టన్ రింగులు అరిగాయని చెప్పగలుగుతాడు. క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, కార్బొరేటర్ కిట్, బ్రేక్ షూ వంటివి పక్క దుకాణంలోనే అసలు కంపెనీవీ ఇతర కంపెనీలవీ రెండు మూడు ధరలలో దొరుకుతాయి. ఎక్కువ మంది కొన్న బండికి ఎక్కువ మంది మెకానిక్‌లు తయారవుతారు, ఎక్కువ విడిభాగాలు వస్తాయి. మెకానిక్, విడిభాగాలు దొరుకుతాయి గనుక మరింత మంది అదే బండి కొంటారు. కొత్త బండి కొనబోయే మనిషి షోరూంకు పోయే ముందు షెడ్డు దగ్గర ఆగి, ఏ బండి తీసుకుంటే మంచిదని అడుగుతాడు. ఆ మెకానిక్ చెప్పే మాట వెనుక అతని చేతికి అలవాటైన ఇంజను ఉంటుంది.

దీనికి తోడు మళ్లీ అమ్మే ధర. ఒక్కరే నడిపిన బండిని ఈ ప్రాంతంలో సింగిల్ హ్యాండ్ బండి అంటారు. ఇంజను విప్పని సింగిల్ హ్యాండ్ స్ప్లెండర్ అమ్మకానికి ఉన్నదంటే అడ్వర్టైజుమెంటు అక్కరలేకుండానే అది ఊరు దాటకముందే అమ్ముడుపోతుంది. కూతురి పెండ్లికో, ఆసుపత్రి ఖర్చుకో, గల్ఫ్ వీసాకో తొందరగా డబ్బు కావలసి వచ్చినప్పుడు బంగారం తరువాత చేతికి అందే ఆస్తి బండే. అరుదైన కంపెనీ బండి ఎంత మంచిదైనా అమ్మబోతే ధర పలకదు. కాబట్టి నలుగురూ కొనే బండిని కొనడం గుడ్డిగా గుంపు వెంట పోవడం కాదు, కష్టకాలానికి దాచుకున్న సొమ్మును కాపాడుకోవడమే.

వ్యాపార శాస్త్రం దీనిని ఎలా చూస్తుందన్నది ఆసక్తికరమైన విషయం. 1994లో అలన్ డిక్, కునాల్ బసు ప్రతిపాదించిన ప్రసిద్ధమైన వర్గీకరణలో విధేయతను రెండు గీతల మీద కొలుస్తారు: ఒకటి, ఇతర బ్రాండ్లతో పోలిస్తే మనసులో ఉన్న ఇష్టం, రెండవది, మళ్లీ మళ్లీ కొనడం. రెండూ ఉంటే నిజమైన విధేయత. ఇష్టం ఉండీ కొనలేకపోతే గుప్త విధేయత. ఇష్టం పెద్దగా లేకపోయినా అలవాటు వల్లనో, ఇరుగుపొరుగు ఒత్తిడి వల్లనో, పరిస్థితుల వల్లనో మళ్లీ కొంటుంటే దానిని కృత్రిమ విధేయత అన్నారు. ఈ గీతల మీద పెట్టి చూస్తే, మెకానిక్ ఉన్నాడు గనుక, విడిభాగాలు దొరుకుతాయి గనుక, మళ్లీ అమ్మితే ధర వస్తుంది గనుక స్ప్లెండర్ కొన్న చొప్పదండి రైతు విధేయత కృత్రిమమైనదిగా తేలుతుంది. ఒక కంపెనీ గుర్తును ఒంటి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న వాని విధేయత నిజమైనదిగా నిలుస్తుంది. ఈ తీర్పు న్యాయమైనది కాదు. బండి ఆగిపోతే నష్టపోయే మనిషికి, దానిని బాగు చేసే చేయి ఎక్కడున్నదన్న జ్ఞానమే బండి గుణంలో భాగం. ఇంజను ఫ్యాక్టరీలో తయారవుతుంది గాని, అది పదిహేనేళ్లు నడిచే బండి కావడం చొప్పదండిలోనే జరుగుతుంది. ఆ సంగతి ఎరిగి ఎంచుకున్న నమ్మకం మనసులోని ఇష్టం కన్నా తక్కువదని అనడానికి ఆధారం లేదు. ఊహల్లో పుట్టిన ఇష్టం ఒక్క పెద్ద రిపేరుతో కరిగిపోవచ్చు, ఇది మాత్రం రిపేర్లను లెక్కలోకి తీసుకున్న తరువాతే పుట్టింది.

బ్రిటన్‌లో పనిచేసిన ఆండ్రూ ఎహ్రెన్‌బర్గ్ అనే గణాంక శాస్త్రవేత్త చేసిన పరిశీలన ఈ వాదనకు కొంత దగ్గరగా వస్తుంది. చిన్న బ్రాండ్లకు కొనేవారే తక్కువ కాగా, ఆ కొద్దిమందిలో మళ్లీ కొనేవారు కూడా తక్కువగా ఉంటారని, ఈ జంట నష్టం రకరకాల వస్తువులలో ఒకే తీరుగా కనిపిస్తుందని ఆయన చూపించారు. విధేయత ఏదో ఒక కంపెనీకి ప్రత్యేకంగా దక్కే మహిమ కాదని, చాలావరకు అది విస్తృతిని అనుసరించి వస్తుందని దీని సారాంశం. ఆయన లెక్కలు ఎక్కువగా రోజువారీ సరుకులవి గనుక మోటారు సైకిళ్లకు వాటిని యథాతథంగా అన్వయించరాదు. కానీ విస్తృతి ఎలా విధేయతగా మారుతుందో చూడాలనుకునేవారికి మెకానిక్ షెడ్డు కన్నా మంచి చోటు లేదు.

ఈ నమ్మకం ఎవరి మీద నిలిచి ఉన్నదో తేల్చే పరీక్ష 2010 డిసెంబరులో వచ్చింది. హీరో గ్రూపు, జపాన్ హోండా తమ భాగస్వామ్యాన్ని ముగించాలని నిర్ణయించుకొని, హోండా తన 26 శాతం వాటాను హీరో కుటుంబానికి అమ్మివేసింది. 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది, హోండా పేరును మరికొంత కాలం వాడుకోవడానికి మాత్రమే ఒప్పందంలో వీలు మిగిలింది. హోండాకు అప్పటికే భారతదేశంలో సొంత కంపెనీ ఉన్నది, 2001 నుంచి యాక్టివా స్కూటర్, 2006 నుంచి షైన్ మోటారు సైకిల్ అమ్ముతున్నది. బ్రాండ్ విధేయత కంపెనీ పేరు మీదనే ఉండి ఉంటే, ఇంజను విద్య హోండాదని తెలిసిన జనం స్ప్లెండర్‌ను వదిలి హోండా వైపు కదలవలసింది. అటువంటి పెద్ద కదలిక రాలేదు. విడిపోయిన తరువాత కూడా చాలా ఏళ్ల పాటు దేశంలో అత్యధికంగా అమ్ముడుపోయే మోటారు సైకిల్‌గా స్ప్లెండరే నిలిచింది. పల్లెల్లో మాత్రం పెద్దవాళ్లు చాలామంది ఇప్పటికీ కొత్త బండిని కూడా హీరో హోండా అనే పిలుస్తారు. కాగితాల మీద లేని కంపెనీ పేరు నోటి మీద బతికి ఉండడానికి కారణం స్పష్టమే. పేరు మారిన రోజున షెడ్డులో ఏమీ మారలేదు. అదే 97.2 సీసీ ఇంజను, అవే పానలు, అదే చేయి, అదే విడిభాగాల దుకాణం. విధేయత ఈ వలయానికి కట్టుబడి ఉన్నది, దాని మీద రాసిన పేరు పక్కకు జరిగినా వలయం చెక్కుచెదరలేదు. ఈ సంగతిని హోండా కూడా గ్రహించిందనడానికి, 2023లో అది షైన్ 100 పేరుతో స్ప్లెండర్‌కు సూటిగా పోటీ పెట్టిన చిన్న బండే నిదర్శనం.

టీవీఎస్ కథ కూడా దీనికి దగ్గరదే. 1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50 మోపెడ్, దాని వారసుడైన ఎక్సెల్, ఈ ప్రాంతంలో బస్తాలు మోసే బండిగా స్థిరపడ్డాయి. సీటు ముందు ఖాళీ జాగా ఉండడం, గేర్లు లేకపోవడం, బరువుకు వంగని చట్రం, వీటి వల్ల తాటిచెట్ల దగ్గరికి పోయే కల్లుగీత కార్మికుడు, ఊరూరా తిరిగి బట్టలు అమ్మేవాడు, చేపలు అమ్మేవాడు దానిని వదలరు. సుజుకితో విడిపోయిన 2001లోనే టీవీఎస్ విక్టర్ అనే సొంత బండిని తెచ్చి నిలదొక్కుకున్నది. ఆడవాళ్ల విషయం మాత్రం ఈ చర్చలలో సరిగా లెక్కకు రాదు. కరీంనగర్ కాలేజీలకు, ఉద్యోగాలకు పోయే యువతులు స్కూటీ, యాక్టివా వంటి గేర్లు లేని బండ్లను తమ తరపున తామే ఎంచుకుంటున్నా, ఇంటి బండి అంటే మగవాని బండే అన్న అలవాటు వల్ల వారి విధేయతను గురించి ఎవరూ అడగరు.

కంపెనీయే చేతులెత్తేసిన తరువాత కూడా నిలిచిన విధేయత మరొక రకం. ఎస్కార్ట్స్ 1985 నుంచి 1996 వరకు తయారు చేసిన యమహా ఆర్ఎక్స్ 100 పొగ నియమాలు కఠినమైనందున ఆగిపోయింది. రెండు స్ట్రోకుల ఆ బండి పికప్, సన్నని చప్పుడు తెలిసినవారు దానిని ఇప్పటికీ వెతికి, మంచి ధర పెట్టి కొంటారు. 2018లో ఆ పేరుతోనే అజయ్ భూపతి దర్శకత్వంలో ఒక తెలుగు సినిమా కూడా వచ్చింది. 1996లో మూతపడిన ఎజ్డీ విషయంలోనూ ఇదే జరిగింది. కంపెనీ లేదు, ప్రకటన లేదు, షోరూం లేదు, అయినా ఇష్టం ఉన్నది. డిక్, బసు చెప్పిన గుప్త విధేయత అంటే ఇదే. ఆ గుప్తధనం విలువ గుర్తించిన వ్యాపారులు 2018లో జావా పేరును, 2022లో ఎజ్డీ పేరును కొత్త ఇంజన్లతో తిరిగి బజారులోకి తెచ్చారు. పాత బండి మీది ప్రేమ కొత్త బండి కొనుగోలుగా మారుతుందా అన్నది వేరే విషయం. పాత ఎజ్డీని ప్రేమించేవానికి కావలసినది చాలావరకు పాత ఎజ్డీయే.

ఇక బుల్లెట్. దాని విషయంలో మైలేజి, మెకానిక్ అన్న లెక్కలు చాలవు. ఇంగ్లాండులోని రెడ్డిచ్ పట్టణంలో 1901 నుంచి మోటారు సైకిళ్లు తయారు చేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, బుల్లెట్ పేరును 1932లో పెట్టింది. 1950లలో భారత సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి ఆ బండ్లను తెప్పించుకోగా, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లాండు కంపెనీ 1970 నాటికి మూతపడినా మద్రాసు ఫ్యాక్టరీ ఆగలేదు. 1994లో ఐషర్ గ్రూపు చేతికి వచ్చిన తరువాత కొంతకాలం నష్టాలలో నడిచి, 2000 తరువాత కోలుకొని, ఆ దశాబ్దం చివర వచ్చిన క్లాసిక్‌తో యువకుల బండి అయింది. పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడమే ఒక విద్య. ఆంపియర్ మీటరు సూది చూసుకొని, డీకంప్రెసర్ నొక్కి, పిస్టన్‌ను సరైన చోటికి తెచ్చి కిక్కు కొట్టాలి. గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద ఉండేవి. ఈ విద్య వచ్చినవానికి రానివాని మీద ఒక పెద్దరికం ఉండేది. కొత్త బుల్లెట్ బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది, గేరు ఎడమకు వచ్చింది, అయినా పెద్దరికం మాత్రం అలాగే మిగిలింది.

ఇటువంటి విధేయతను అర్థం చేసుకోవడానికి అమెరికాలోని హార్లీ డేవిడ్సన్ మీద జరిగిన పరిశోధన ఉపయోగపడుతుంది. 1981లో కంపెనీ ఉద్యోగులే కొందరు దానిని కొనుక్కొని, 1983లో ఆ బండి యజమానుల సంఘాన్ని ఏర్పరచారు. జాన్ షౌటెన్, జేమ్స్ మెక్‌అలెగ్జాండర్ అనే పరిశోధకులు ఆ బైకర్లతో కలిసి ఏళ్ల తరబడి ప్రయాణించి, 1995లో ప్రచురించిన వ్యాసంలో, ఒక వస్తువు చుట్టూ సొంత ఆచారాలు, పెద్దా చిన్నా తారతమ్యాలు, వేషభాషలు గల ఉపసంస్కృతి ఏర్పడుతుందని వివరించారు. బుల్లెట్ యజమానులలో ఈ లక్షణాలు కొన్ని ఉన్నాయి. కానీ హార్లీ కుటుంబానికి దూరంగా, రోడ్డు మీద స్వేచ్ఛకు గుర్తు కాగా, ఉత్తర తెలంగాణలో బుల్లెట్ ఇంటి పరువుకు, పెండ్లి పందిరికి దగ్గరగా జరిగింది. 2021లో లక్ష్మణ్ రాయగా మోహన భోగరాజు పాడిన బుల్లెట్టు బండి పాటకు, అదే సంవత్సరం మంచిర్యాల ప్రాంతంలో పెండ్లి బరాత్‌లో వధువు చేసిన నృత్యం సామాజిక మాధ్యమాల ద్వారా తెలుగు నాట అంతటా పాకింది. ఒక పారిశ్రామిక పట్టణంలో పుట్టి, సైన్యం చేతుల మీదుగా వచ్చిన బండి, తెలంగాణ పెండ్లికూతురు తన కొత్త జీవితాన్ని ఊహించుకునే బొమ్మ కావడం ఏ ప్రకటనల సంస్థా వ్రాయగలిగిన కథ కాదు. అదే బండికి సైలెన్సర్ మార్చి, వీధులు అదిరేలా నడిపే అలవాటు మాత్రం పసిపిల్లలకు, రోగులకు కష్టం కలిగించేదే, దానిని అభిమానంగా ఒప్పుకోవడానికి వీలు లేదు.

పెండ్లి ప్రసక్తి వచ్చినందున ఒక చేదు నిజాన్ని దాటవేయరాదు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినా, పెండ్లి మాటలలో డబ్బు, బంగారంతో పాటు బండి కూడా లాంఛనంగా చేరింది, బండి అంటే సరిపోక కంపెనీ పేరు కూడా చేరింది. పేరు చెప్పేవాడు వరుడు, కిస్తీలు కట్టేవాడు వధువు తండ్రి, పెట్రోలు పోయించేది కొత్త సంసారం. విధేయతను గురించిన సిద్ధాంతాలు చాలావరకు కొనేవాడూ వాడేవాడూ ఒకరేనని భావించి రాసినవి గనుక ఈ పరిస్థితిని అవి పట్టుకోలేవు. ఆడపిల్ల తండ్రి షోరూంలో నిలబడి అడిగిన బండినే కొన్నప్పుడు ఆ అమ్మకం కంపెనీ లెక్కలలో ఒక తృప్తి చెందిన కొనుగోలుదారుగా నమోదవుతుంది. కాని అది ఒక కుటుంబం మీద పడిన బలవంతం. మోటారు సైకిల్ మీది ఇష్టాన్ని గౌరవించేవారే ఈ ఆచారాన్ని గట్టిగా వ్యతిరేకించాలి, ఎందుకంటే ఎవరి కష్టంతో కొన్నది వారు ఎంచుకోవడంలోనే ఆ ఇష్టానికి అర్థం ఉన్నది.

కొన్న బండిని మనవాళ్లు నేరుగా ఇంటికి తీసుకుపోరు. చొప్పదండి, కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల వారు చాలామంది మల్యాల మండలంలోని కొండగట్టు ఆంజనేయస్వామి గుడికి తీసుకుపోయి వాహన పూజ చేయిస్తారు, వేములవాడకు పోయేవారూ ఉన్నారు. దసరానాడు కడిగి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయలు తొక్కించడం ప్రతి ఇంటా జరుగుతుంది. అంజన్న పేరు ముందు నంబరు ప్లేటు పైన చేరిన తరువాత ఆ బండి ఇంటి మనుషులలో ఒకటిగా లెక్క. పూజ ఏ కంపెనీ బండికైనా ఒకటే గనుక దీనిని బ్రాండ్ విధేయతలో కలపరాదు. కానీ బండిని తేలికగా మార్చుకోకపోవడానికి, పాత బండిని అమ్మేటప్పుడు కళ్లు చెమర్చడానికి ఇది ఒక కారణం.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన పుస్తకంలో, ఒక సంస్థ పనితీరు చెడినప్పుడు మనుషులకు రెండు దారులు ఉంటాయని, ఒకటి విడిచిపోవడం, రెండవది గొంతెత్తి ఫిర్యాదు చేయడం అని, విధేయత ఉన్నవారు వెంటనే విడిచిపోకుండా ఉండి గొంతెత్తుతారని చెప్పారు. చొప్పదండిలో ఆ గొంతు కంపెనీ దాకా పోదు. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చి, 2019లో కొత్త రూపం పొందినా, కరీంనగర్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నా, బండిలో లోపం కనిపిస్తే మొదట వినేది మెకానికే. ఏ మోడల్‌లో ఏ భాగం తొందరగా అరుగుతున్నదో, ఏ ఏడాది బండ్లకు ఏ ఇబ్బంది ఉన్నదో అందరికన్నా ముందు అతనికి తెలుస్తుంది, అతని నోటి ద్వారా పది ఊళ్లకు తెలుస్తుంది. కంపెనీలు తమ సర్వీసు కేంద్రాల నుంచి సమాచారం సేకరిస్తాయి గాని, ఉచిత సర్వీసులు ముగిసిన బండ్ల జీవితమంతా గడిచే ఈ షెడ్లను వినేవారు తక్కువ.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే పొగ నియమాలు వచ్చి, చిన్న బండ్లలో కూడా కార్బొరేటర్ స్థానంలో కంప్యూటర్ ఆజ్ఞతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి చేరింది. స్క్రూ తిప్పి సరిచేసే పని పోయి, స్కానర్ అనే పరికరాన్ని తగిలించి లోపం చదివే పని వచ్చింది. ఆ పరికరం కొనుక్కున్న మెకానిక్ నిలబడ్డాడు, కొననివాని దగ్గర పాత బండ్లే మిగిలాయి. విద్యుత్ బండ్లతో ఈ ఎడం ఇంకా పెరుగుతున్నది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించింది. ఇంటి దగ్గరే చార్జింగ్ పెట్టుకోవచ్చు, రోజువారీ ఖర్చు పెట్రోలు కన్నా తక్కువ. అయినా పల్లెల్లో కొనేవారు జంకడానికి కారణం బ్యాటరీ మీద అపనమ్మకం ఒక్కటే కాదు. ఆ బండి ఆగితే ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్నకు ఊరిలో జవాబు లేదు. కంట్రోలర్‌ను, బ్యాటరీని విప్పడానికి కంపెనీ మెకానిక్‌కు తప్ప ఎవరికీ అనుమతి లేకపోతే, స్ప్లెండర్‌కు ముప్పై ఏళ్లలో ఏర్పడిన వలయం ఆ బండికి ఎన్నటికీ ఏర్పడదు. ఐటీఐలలో విద్యుత్ వాహనాల మెకానిక్ కోర్సు మొదలైంది, ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్ తోడ్పాటుతో ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో ఆరంభమైంది. ఈ చదువులు కొత్తగా చేరే పిల్లలతో పాటు, పని చేతికి వచ్చి సర్టిఫికెట్ లేని నలభై ఏళ్ల మెకానిక్‌కు కూడా, షెడ్డు మూయకుండా సాయంత్రం పూట నేర్చుకునే వీలుతో అందాలి. విడిభాగాలు, లోపం చదివే పరికరాలు, మరమ్మతు పుస్తకం తెలుగులో అతని చేతికి ఇచ్చే కంపెనీ ఏదో, రాబోయే ఇరవై ఏళ్లలో చొప్పదండి వాకిళ్లలో నిలబడే బండి పేరు అదే అవుతుంది.